1951 షెవ్రొలే పికప్: ఒరిజినల్ పార్టుల సంగతి

నా 1951 షెవ్రొలే 3100 పికప్‌ను ఒరిజినల్ పార్టులతోనే బాగుచేయాలని పూనుకున్నప్పుడు, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంజన్ కాదు, తలుపు. షెవ్రొలే ఈ తరహా ట్రక్కులను 1947 నుంచి 1955 ఆరంభం దాకా పెద్దగా రూపం మార్చకుండానే తయారు చేసింది కాబట్టి, ఆ సంవత్సరాల తలుపులు దాదాపుగా ఒకదాని స్థానంలో మరొకటి అమరిపోతాయి. అయితే అమరినంత మాత్రాన అది ఆ బండి తలుపు అయిపోదు. కిటికీ ముందు మూలన తిరిగే చిన్న గాలి అద్దం 1951లో వచ్చింది. బటన్ నొక్కి తెరిచే హ్యాండిల్ 1952లో వచ్చింది. అంటే గాలి అద్దమూ, కిందికి తిప్పే పాత హ్యాండిలూ కలిసి ఉండేది ఆ ఒక్క సంవత్సరపు తలుపుకే. అందుకే తుప్పు పట్టిన తలుపులను పారేయకుండా, అడుగున తినేసిన రేకును మాత్రం కోయించి, ఆ మేరకు కొత్త రేకు వెల్డింగ్ చేయించాను.

ఇక ఇంజన్. ఇందులో ఉన్నది 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్. దాన్ని తీసేసి 1954 ట్రక్కుల్లోకి వచ్చిన 235 పెట్టుకోమని చాలామంది చెబుతారు, వారి మాటలో న్యాయం లేకపోలేదు. 216లో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌తో కలిపే కడ్డీ) బేరింగులకు పంపు ఒత్తిడితో ఆయిల్ అందదు. రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటెలాంటి భాగం తిరుగుతూ ఆయిల్‌ను అందుకుంటుంది. బేరింగు కూడా విడిగా ఉండదు, రాడ్‌లోనే బ్యాబిట్ అనే మెత్తని మిశ్రమ లోహాన్ని కరిగించి పోస్తారు. అరిగితే షిమ్‌లు అనే పలుచని రేకు ముక్కలు తీసి బిగించుకోవచ్చు, షిమ్‌లు అయిపోతే మళ్ళీ పోయించాలి, ఆ పని తెలిసినవారు ఇప్పుడు అరుదు. హైవే మీద వేగంగా పోవాలనుకునేవారికి 235యే మేలు. నాకు ఆ తొందర లేదు.

ఇంజన్ ఆ బండిదేనా అన్నది బ్లాకు మీది పోత తేదీ, అంటే దాన్ని పోతపోసిన రోజు, చెబుతుంది. మొదట నెలను తెలిపే అక్షరం, తర్వాత తారీఖు, చివర సంవత్సరపు ఆఖరి అంకె ఉంటాయి. వైరు బ్రష్‌తో గ్రీజు వదిలిస్తే ‘సి 15 1’ అని బయటపడింది, అంటే మార్చి 15, 1951. 1941కీ ఆఖరి అంకె అదే కాబట్టి పోత నంబరును కూడా సరిచూశాను.

ఒరిజినల్ మీద ఇంత పట్టుదల ఉన్నా రబ్బరు విషయంలో మాత్రం నాకు ఏ మమకారమూ లేదు. డబ్బా విప్పని పాత బ్రేకు గొట్టాన్ని అపురూపంగా అమ్మేవారున్నారు, కానీ రబ్బరు డబ్బాలో ఉన్నా గట్టిపడి పగులుతుంది. బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్ వాషర్లు కొత్తవే వేశాను.

కరెంటు వ్యవస్థను 6 వోల్టుల మీదే ఉంచాను. 12 వోల్టుల బండితో పోలిస్తే అదే శక్తికి రెట్టింపు కరెంటు ప్రవహిస్తుంది కనుక దీని బ్యాటరీ కేబుళ్ళు బాగా లావుగా ఉండాలి. సన్న కేబుల్ వేసి, స్టార్టర్ నీరసంగా తిరుగుతోందని దాన్ని మార్చేవారిని చూశాను. ముందు కేబుల్ మార్చి, ఛాసిస్‌కు తగిలే చోట రంగు గీకి చూస్తే చాలాసార్లు ఆ ఖర్చు తప్పుతుంది.