సకినం కొరికితే నెత్తురు పొక్కు

సంక్రాంతి పోయినా డబ్బాల సకినాలు ఒడవలేదు. పొద్దున చాయ్ తాగుకుంట అత్తమ్మ ఒకటి కొరికింది. నమిలిందో లేదో, "అంగిట్ల ఏదో ఉబ్బుతున్నది బిడ్డా" అన్నది. ఫోన్ లైటు వేసి చూస్తే లోపల, అంగిలి మెత్తగుండే జాగల, నేరేడు పండు తీరు నల్లగ, నున్నగ పొక్కు. నిమిషం కింద లేనిది!

నాకు ముందుగాల డెంగీ యాదికొచ్చింది. పోయిన వానకాలం మా హన్మకొండ గల్లీల ఎవరింట్ల చూసినా ప్లేట్లెట్ల ముచ్చటే. అందుకే పొక్కును ఇడిసిపెట్టి మిగతా ఒళ్లు చూసిన. జ్వరం లేదు, కాళ్ల మీద ఎర్ర చుక్కలు లేవు, కమిలిన మచ్చలు లేవు, చిగుళ్లల్ల నెత్తురు లేదు. రక్తం పలుచన చేసే గోలీలు ఆమె ఏసుకోదు. ఈ లోపట పక్కింటి పెద్దమ్మ "సూది కాల్చి పొడువు" అనుకుంట వచ్చింది. పొడవనియ్యలేదు. అసొంటి పొక్కు చానాసార్లు దానంతట అదే పగులుతది. గొంతు దిక్కు పెరిగి ఊపిరాడకపోతే మాత్రం ఇంట్ల కూసునేది లేదు, 108కు ఫోన్ చేసుడే. దాన్ని కోసి ఇడిసేది డాక్టరే.

చల్లని నీళ్లు పుక్కిలిస్తుంటేనే పగిలింది. సింకు ఎర్రగైంది, నాకు కాళ్లు వణికినయి. ఆమెకేమో "హమ్మయ్య, పోయింది."

పగటాల పళ్ల డాక్టరు దగ్గరికి పోయినం. రక్త పరీక్షల ప్లేట్లెట్లు లక్షన్నరకు తక్కువ ఉండొద్దు, అత్తమ్మకు బాగనే ఉన్నయి. దీన్ని ఆంజైనా బుల్లోసా హెమరేజికా అంటరట, పెద్ద వయసోళ్లకు గట్టిది, వేడిది తినేటప్పుడు ఎక్కువ వస్తదట. పగిలిన పుండు వారం పది దినాలల్ల మానుతది. అంతదాక ఉప్పునీళ్లు పుక్కిలించాలె, కారం తినొద్దు. రెండు వారాలకు మానకున్నా, మాటిమాటికి వచ్చినా, ఒంటి మీద గూడ పొక్కులు లేసినా మళ్ల చూపించాలె.

ఆయన అడిగిన ఒక్క మాట నాకు బాగ నచ్చింది: "దమ్ముకు ఇన్‌హేలర్ వాడుతరా?" ఏండ్ల సంది వాడుతది. అండ్ల ఉండే స్టెరాయిడ్‌తోని గూడ ఇసొంటి పొక్కులు రావొచ్చట, పీల్చినంక నీళ్లు పుక్కిలించి ఉమ్మాలెనట. ఆ పని అత్తమ్మ ఎన్నడూ చెయ్యలేదు. రాత్రి ఇన్‌హేలర్ పక్కన గిలాసతోని నీళ్లు పెడితే, "పీల్చుడొక పని, ఉమ్ముడొక పనా?" అని గులుక్కుంటనే పుక్కిలించింది.