బొటనవేలు చుట్టకండి

ఆదివారం పూట అనంతగిరి ఘాట్‌లో పాత పెట్రోలు జీపు ఎక్కించేవాడికి బుద్ధి లేదని మా బావమరిది తైడ దాటినప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. అన్నది నిజమే. కానీ పదిసార్లు అనక్కర్లేదు.

కార్తీకమాసం. వైజాగ్‌లో ఉన్న కార్లన్నీ ఆ రోజు అరకుకే బయల్దేరినట్టున్నాయి. ముందు టూరిస్టు బస్సు, దాని ముందు ఇంకో బస్సు, మలుపు దగ్గర ఫొటోల కోసం ఆపుకున్న నాలుగు కార్లు. ఫస్ట్ గేరులో పది అడుగులు, ఆగడం, మళ్లీ పది అడుగులు. నా జీపుకి ఫస్ట్ గేరు సింక్రోమెష్ కాదు, అంటే తనంతట తను సర్దుకుని పడదు. కదులుతున్నప్పుడు వెయ్యాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి, అంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, లేకపోతే కింద నుంచి వచ్చే చప్పుడుకి పక్కవాళ్లు తిరిగి చూస్తారు. అలా ముప్పావుగంట. కాఫీ తోటలు మొదలయ్యేచోట ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బోనెట్ ఎత్తేసరికే అర్థమైంది, వేపర్ లాక్. పంపులోకి వెళ్లే పెట్రోలు వేడికి గొట్టంలోనే మరిగి ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని లాగలేదు, కార్బురేటర్ ఎండిపోతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక ఈ రోగం ఎక్కువైందని పాత జీపులున్నవాళ్లు ఎవరిని అడిగినా చెబుతారు. పాత రబ్బరు పైపుల్ని కూడా అది తినేస్తుంది. నావి వేసవిలోనే మార్చాను. లీటరు వందకి పైనే పెట్టి కొని, అందులో అయిదో వంతు చెరుకూ మొక్కజొన్నా తాగిస్తున్నామన్నమాట.

తువ్వాలు తడిపి పంపుకి చుట్టాను. పావుగంట ఆగి సెల్ఫ్ కొట్టాను. తిరిగింది, అందుకోలేదు. మళ్లీ కొట్టాను. అయిదోసారికి బ్యాటరీ మూలిగింది, ఆరోసారికి టిక్కుమంది, అంతే. మిగిలింది హేండిల్ ఒక్కటే, బండి ముందు నుంచి దూర్చి ఇంజిన్‌ని చేత్తో తిప్పే ఇనుపకడ్డీ. వెనక సీటు కింద గోనెగుడ్డలో ఉంది. దాన్ని ముట్టుకోవద్దని నాకు రాతపూర్వకంగా చెప్పారు.

ఆ సంగతి ముందు చెప్పాల్సింది. ఫిబ్రవరిలో నాకు గుండెకి స్టెంట్ వేశారు. అంతకుముందు నెల్లాళ్లుగా ఎడమ దవడ లాగుతుంటే పన్ను అనుకుని పళ్ల డాక్టరుకి వెయ్యి రూపాయలు ఇచ్చుకున్నాను. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో చెయ్యకూడనివి వరసగా ఉన్నాయి: బరువులెత్తడం, తొయ్యడం, లాగడం, ఉప్పు, ఊరగాయ. జీపు గురించి అడిగితే డాక్టరుగారు నవ్వి, "కొత్త బండి కొనుక్కోండి" అన్నారు. అరవై ఏళ్లు దాటిన 1962 మోడల్ సీజే-3బి జీపుని అమ్మేసి ఏదైనా ఆటోమేటిక్ కొనుక్కోమని ఆయన సలహా. ఈ జీపుకి పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుందని, నలభై లీటర్ల మీద కూర్చుని నడపాలని ఆయనకి చెప్పలేదు.

కొత్తల్లో మంచం మీద ఉండగా హార్మోనియం కొన్నాను. అది ఇప్పుడు అటక మీద ఉంది. తర్వాత నడక. నడక అయ్యాక షెడ్డు. రక్తం పలచబడే మాత్రలు మింగుతూ జీపు పని చెయ్యడం ఎలాంటిదంటే, ఏప్రిల్లో రేడియేటర్ పైపు క్లిప్పు బిగిస్తుంటే స్క్రూడ్రైవర్ జారి వేలి కణుపు మీద గీసుకుంది. వెంట్రుకంత గీత. అరగంట కారింది. బోనెట్ మీదా, నా లుంగీ మీదా, నేల మీదా. మా ఆవిడ వచ్చి చూసి కిందపడిపోబోయింది. ఆ రోజు నుంచీ షెడ్డు తాళం ఆవిడ దగ్గరే. పని ఉంటే అడిగి తీసుకోవాలి, చేతికి గ్లవ్స్ ఉన్నాయో లేదో చూపించి.

ఇంతా చేస్తే ఈ బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించమని మిత్రుల పోరు. 2021లో వచ్చిన రూలు ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి ఇరవై వేలు కడితే వీఏ అక్షరాలున్న ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. బాగుంది. కానీ ఆ నంబరుతో మామూలుగా రోడ్డెక్కకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప. ఇరవై వేలు కట్టి దేవుడి గదిలో పెట్టుకోమని. నాకొద్దు. అయిదేళ్లకోసారి ఆఫీసు చుట్టూ తిరిగి పాత నంబరే పొడిగించుకుంటున్నాను.

ఘాట్ దగ్గరికొస్తాను. మా వెనక ఒక సర్వీసు జీపు ఆగింది. లోపల పదిహేను మంది, వెనక తలుపు పట్టుకుని నలుగురు, పైన అరటి గెలలు. డ్రైవరుకి పాతికేళ్లుంటాయి. దిగొచ్చి బోనెట్లోకి చూసి, "ఏటండి బాబూ, తడిగుడ్డ బానే కట్టేరు, హేండిల్ లేదేటి?" అన్నాడు. ఉంది, నేను తిప్పకూడదు అన్నాను. మా బావమరిది వైపు చూశాడు. మా వాడు ఫోన్లోకి చూసుకున్నాడు.

అతను హేండిల్ తీసి బంపరు మధ్యలోని కన్నంలోంచి లోపలికి దూర్చాడు, పళ్లు పట్టుకునేదాకా మెల్లగా తిప్పాడు. నేను ఇగ్నిషన్ వేసి చోక్ సగం లాగాను. సర్వీసు జీపులో వాళ్లంతా దిగి చుట్టూ చేరారు, పిల్లని ఎత్తుకున్న ఒకావిడ సరిగ్గా నా పక్కనే నిలబడింది. అతను తిప్పేముందు తన చెయ్యి నాకు చూపించాడు. నాలుగు వేళ్లూ హేండిల్ కింద నుంచి పట్టుకున్నాయి, బొటనవేలు కూడా వాటి పక్కనే, అదే వైపు ఉంది, చుట్టూ తిరగలేదు.

"బొటనేలు సుట్టకూడదండి. ఎనక్కి కొట్టిందంటే మణికట్టు ఇరిగిపోద్ది. పైకి లాగాల, కిందికి తొయ్యకూడదు."

కింద నుంచి పైకి ఒక్క లాగుడు. ఏమీ లేదు. రెండోసారి ఒక పొగ. మూడోసారికి అందుకుంది. పిల్లతో ఉన్నావిడ నవ్వింది. నేను అయిదొందలు తీశాను, వద్దన్నాడు. "పెట్రోలు బండి ఇంకా నడిపేవోళ్లున్నారని తెలీదు, డీజిల్ ఇంజిన్ పెట్టేసుకోండి" అని సలహా చెప్పి, పంపుకి కట్టిన నా తువ్వాలు ఇంకా తడిగా ఉందో లేదో నొక్కి చూసి వెళ్లిపోయాడు. హేండిల్ మాత్రం గోనెగుడ్డలో చుట్టకుండా నా సీటు పక్కనే పెట్టాడు, మళ్లీ కావాల్సొస్తుందన్నట్టు.

అరకు గురించి చెప్పడానికి ఏమీ లేదు. గదికి నాలుగు వేలు, వేడినీళ్లు ఉదయం గంటసేపు. బొంగులో చికెన్‌లో నూనె ఉండదు కాబట్టి నాకు తినడానికి పనికొచ్చేది అదొక్కటే, ఉప్పు తక్కువ వెయ్యమంటే అసలే వెయ్యలేదు. ఒక వెదురు గొట్టం మూడొందల యాభై. అందులో ముక్కలు లెక్కపెట్టాను, తొమ్మిది.

అసలు మేం వెళ్లాలనుకున్నది అరకు కాదు, మాచ్‌ఖండ్. మద్రాసు ప్రభుత్వమూ ఒడిశా కలిసి మొదలుపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టు అది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మన వాటా అయింది, 1955లో కరెంటు మొదలైంది. మా తాతయ్య అక్కడ పనిచేశాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఏమిటంటే, ఆయన చీఫ్ ఇంజనీరుగారి జీపు డ్రైవరు. ఆ ప్రాజెక్టుకి జోలాపుట్ డ్యామ్ కట్టేటప్పుడు దొరని అడవిలో తిప్పాడు, ఎలుగుబంటికి ఎదురుగా హెడ్‌లైట్లు వేసి నిలబెట్టాడు, అలా. నాకు జీపుల పిచ్చి ఆయన నుంచే వచ్చిందని నేను చాలామందికి చెప్పుకున్నాను.

ఒక్క ఫొటో ఉంది, పోస్టుకార్డులో సగం. వెనకాల పెన్సిల్‌తో 'జోలాపుట్, 1954'. జీపు ముందు తాతయ్య, ఖాకీ చొక్కా, చేతికర్ర. మార్చి నెలంతా మంచం మీద పడుకుని భూతద్దంతో ఆ జీపుని చదివాను. ముందు జాలీకి తొమ్మిది చీలికలున్నాయి. మామూలు జనానికి అమ్మిన జీపులకి ఏడే ఉంటాయి, తొమ్మిదంటే యుద్ధంలో తిరిగిన బండి. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న డిస్పోజల్స్ జీపు. బోనెట్ పొట్టిగా ఉంది, నా దాంట్లాగా ఎత్తు లేదు, ఎందుకంటే దాని వాల్వులన్నీ ఇంజిన్ కింది భాగమైన బ్లాకులోనే ఉంటాయి. నా దానికి ఇన్‌లెట్ వాల్వులు పైనున్న హెడ్‌లోకి ఎక్కడం వల్ల ఇంజిన్ పొడుగై బోనెట్ లేచింది. స్టీరింగ్ ఎడమవైపు. ఇన్ని కనిపెట్టాను. తాతయ్యని చూళ్లేదు.

సోమవారం ముంచంగిపుట్టు దాటాక రోడ్డు మీద మేమే. వలిసెలు పూసి కొండలు పసుపుగా ఉన్నాయి. జీపు ముప్పై అయిదు మీద హాయిగా పాడుకుంటూ పోయింది, బావమరిది కూడా ఆ గంటసేపు నోరెత్తలేదు. జోలాపుట్ దగ్గర నీళ్లు చూస్తే సముద్రంలా ఉంది. కింద ఎన్ని ఊళ్లున్నాయో, వాళ్ల మనవలు ఏ ఫొటో పట్టుకుని ఎక్కడ వెతుక్కుంటున్నారో. ఆ నది కిందికెళ్లి సీలేరు అవుతుంది, శబరిలో కలిసి మన గోదావరిలోకొస్తుంది.

ప్రాజెక్టు ఊరు ఒనకఢిల్లి చేరేసరికి మధ్యాహ్నం రెండు. పవర్‌హౌస్ ఎక్కడో లోయ అడుగున ఉంది, సిబ్బంది వించ్ మీద, అంటే తాడు లాగే ట్రాలీలో, దిగుతారు. ఆరు యూనిట్లూ కలిపి 114.75 మెగావాట్లు, ఈ రోజుల్లో చిన్న లెక్కే. పర్మిషన్ల గొడవ పెట్టుకోలేదు. టీ కొట్టు దగ్గర జీపు ఆపాను. గురువారం సంత అయితే బొండా తెగ ఆడవాళ్లు పూసల దండలతో వస్తారట, సోమవారం కాబట్టి రెండు కుక్కలున్నాయి.

బండి చూసి ఒక పెద్దాయన లేచొచ్చాడు. ఎనభై దాటుంటాయి. తెలుగాయనే, తండ్రి ప్రాజెక్టులో ఫిట్టరు, ఈయన ఇక్కడే పెరిగి ఇక్కడే రిటైరయ్యాడు. నేను ఫొటో తీసిచ్చాను. చీఫ్ ఇంజనీరుగారి డ్రైవరు అని కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, ఫొటోని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

"డ్రైవరు కాదు బాబూ. క్లీనరు."

"ఎలా చెప్తున్నారండీ?"

"చేతిలో హేండిల్ ఉంది కదా. డ్రైవరు హేండిల్ పట్టుకుని ఫొటో దిగుతాడా? స్టీరింగ్ పట్టుకుని దిగుతాడు."

చేతికర్ర కాదు. కింద ఒక వంపు, పైన ఒక వంపు. నిన్న ఘాట్‌లో ఆ కుర్రాడి చేతిలో చూసిన ఇనుపకడ్డీయే. డెబ్భై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరికీ అది కర్ర కాకుండా ఇంకోటి కాలేదు, నాకు సహా.

టీ చల్లారిపోయింది. తాతయ్య కుడి మణికట్టు గుర్తొచ్చింది నాకు. బయటికి వంకరగా ఉండేది. అన్నం కలిపేటప్పుడు మోచెయ్యి పైకెత్తి, చెయ్యంతా తిప్పి, ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. మా చిన్నప్పుడు అలా తిని వెక్కిరిస్తే అమ్మ కొట్టింది. బ్లాస్టింగ్‌లో రాయి తగిలిందని చెప్పేవాడు.

పెద్దాయన టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. ఫొటో తిరిగిస్తూ, "ఆ రోజుల్లో డిస్పోజల్స్ జీపులకి చలికాలం పొద్దున్నే హేండిల్ తప్ప దారి లేదు, వాళ్లు లేకపోతే దొరలు కదిలేవోరు కాదు" అన్నాడు. నా కోసం అన్నాడనుకుంటా.

రాత్రి శృంగవరపుకోటలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్లు, చెవి బాగానే వినిపిస్తుంది. ఎలా చెప్పాలో తెలియక, ఎలుగుబంటి దగ్గర మొదలుపెట్టి నసుగుతుంటే ఆవిడే అంది.

"క్లీనరేరా. మరేటనుకున్నావు?"

"డ్రైవరని మీరేగా అత్తా చెప్పారు!"

"నా పెళ్లికి చెప్పేం. క్లీనరు కూతుర్నిస్తామంటే మీ మావయ్యోళ్లు ఒప్పుకుంటారేటి? తర్వాత మరి మార్చడానికి కుదర్లేదు. మీ మావయ్య పోయేదాకా అలాగే లాక్కొచ్చేం, ఈలోగా మీరందరూ పుట్టేరు." కాసేపు ఆగి, "చెయ్యి కూడా ఆ జీపే ఇరగ్గొట్టింది. అమ్మకి తెలుసు. సరే గానీ, రాత్రి మాత్ర ఏసుకున్నావా?" అంది.

వేసుకున్నానన్నాను. వేసుకోలేదు, బ్యాగు జీపులో ఉండిపోయింది. ఫోన్ పెట్టేశాక వెళ్లి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న మంచుకి బ్యాటరీ మళ్లీ చచ్చింది. మా బావమరిదికి హేండిల్ ఇచ్చి, పైకి లాగాలి, బొటనవేలు ఇటువైపే ఉంచాలి అని మొత్తం విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, హేండిల్ బోనెట్ మీద పెట్టేసి, వీధిలో ఆడుకుంటున్న కుర్రాళ్లని నలుగుర్ని పిలుచుకొచ్చాడు. వాళ్లు తోశారు, నేను సెకండ్ గేరులో క్లచ్ వదిలాను, పల్లంలో పట్టుకుంది. నాలుగొందలు అడిగారు. మూడొందలకి ఒప్పించాననుకుని మా వాడు అరకు దాకా సంబరపడ్డాడు.