దొంగ ఏ పరీక్ష పాసయ్యాడని?

డాలస్ చుట్టుపక్కల తెలుగు చర్చిల్లో సాక్ష్యాల సమయం వచ్చిందంటే సగం మాటలు ఇమిగ్రేషన్ మీదే నడుస్తాయి. దేవుని కృపను బట్టి హెచ్ వన్ వీసా లాటరీలో పేరు పిక్ అయింది, దేవుని కృపను బట్టి వీసా స్టాంపింగ్ అయిపోయింది. అందరం ఆమెన్ అంటాం. అందులో తప్పేం లేదు, ఆ టెన్షన్ పడ్డవాళ్ళకే తెలుస్తుంది. కానీ ఒక ఆదివారం ఇంటికి వస్తుంటే మా పదేళ్ళవాడు అడిగాడు: "మరి లాటరీలో రాని అంకుల్‌కి కృప లేదా?"

"మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని ఎఫెసీ పత్రికలో పౌలు రాసిన మాట మా సండే స్కూల్ పిల్లలందరికీ కంఠతా వచ్చు. అది క్రియల వల్ల కలిగింది కాదన్న తరువాతి మాట కూడా వచ్చు. తప్పుల్లేకుండా చెప్పినవాళ్ళకు స్టిక్కర్ ఇస్తాం!

చిక్కంతా అక్కడే ఉంది. మన ప్రవాసుల ఇళ్ళలో ఊరికే వచ్చేది ఒక్కటీ ఉండదు. ర్యాంకు తెచ్చుకుని వచ్చాం, ఇంటర్వ్యూలు నెగ్గి నిలబడ్డాం, నెలనెలా బిల్లులు కట్టి క్రెడిట్ స్కోరు పెంచుకున్నాం. పిల్లలకు బీ గ్రేడు వస్తే ఆ పూట భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడరు. ఆపైన "మీ కోసమే కదా అందర్నీ వదులుకుని ఇంత దూరం వచ్చాం" అనే డైలాగు. మన తరం అమ్మానాన్నలు త్యాగం అనే మాట ఎత్తేది చాలాసార్లు అప్పు గుర్తు చేయడానికే. పిల్లలు సిలువ గురించి వినేదీ ఆ చెవులతోనే. యేసు నీ కోసం ప్రాణం పెట్టాడు అంటే వాళ్ళకు తీర్చలేని ఇంకో బాకీలా వినిపిస్తుంది.

గుడ్ ఫ్రైడే ఇక్కడ ఫెడరల్ సెలవు కాదు. ఒంగోల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా జరిగే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన మాకు ఆఫీసులయ్యాక సాయంత్రం మొదలవుతుంది. తెల్లచీరలు, తెల్లచొక్కాలు, ఏడుగురు ప్రసంగీకులు. ఒక్కొక్కరికీ పదిహేను నిమిషాలన్నది కాగితం మీద మాటే. రెండో మాట యేసు తన పక్క సిలువ మీద ఉన్న దొంగతో అన్నది: "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు." మావాడు నా చెవిలో గొణిగాడు. "బాప్తిస్మం లేదు, కానుక వేయలేదు, ఒక్కసారి కూడా చర్చికి రాలేదు. ఏ పరీక్ష పాసయ్యాడని?" ఏదీ పాసవలేదు నాన్నా, తనను గుర్తుపెట్టుకోమని అడిగాడు, అంతే అన్నాను. వాడికి అది భలే నచ్చింది. మార్కుల సంగతి తెలిసినవాడు కదా.

పద్నాలుగేళ్ళ మా అమ్మాయికి మాత్రం ఇదంతా మింగుడుపడదు. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథలో తనది పెద్దకొడుకు పార్టీ. ఇన్నేళ్ళు చాకిరీ చేసినవాడికి ఒక మేకపిల్ల కూడా దక్కలేదు, ఆస్తి తగలేసి వచ్చినవాడికి క్రొవ్విన దూడను కోసి విందా అంటుంది. అడగాల్సిన ప్రశ్నే. అసలు మన పిల్లల్లో ఎక్కువమంది ఆ పెద్దకొడుకులే. గడప దాటరు, మాట జవదాటరు, గ్రేడు తగ్గనివ్వరు, లోపల మాత్రం లెక్క రాసుకుంటూ ఉంటారు. కథలో తండ్రి అతన్ని కసురుకోడు. బయటికొచ్చి బతిమాలతాడు, "నావన్నియు నీవి" అంటాడు. మేకపిల్ల కోసం అలిగినవాడికి మంద మొత్తం ముందునుంచీ తనదేనని తెలియలేదు.

"రక్తం లేకుండా దేవుడు క్షమించలేడా?" అని కూడా అదే అడిగింది. అప్పు రద్దయిందంటే ఆ నష్టం ఎవరో ఒకరు భరించినట్టే, ఆ భరించినవాడు దేవుడే అన్నది మన విశ్వాసం అని చెప్పాను. సగమే ఒప్పుకుంది. సగం చాలు.

మా అమ్మాయికి బాగా పట్టింది మా అమ్మ ఫోన్లో చెప్పిన ఒంగోలు కథ. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి చూపించాడు. బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని. తరువాత ఇక ఇచ్చే సాయమేమీ లేదని చెప్పినా బాప్తిస్మం అడగడానికి వచ్చినవాళ్ళు కదల్లేదు. మేం సాయానికి రాలేదు, కష్టపడ్డవాళ్ళమే అని అరచేతుల్లో బొబ్బలు చూపించారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు, ఊరు ఏ లెక్కలోనూ వేసుకోని మనుషులు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులే, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున. (అప్పట్లో మ్యాపు మీద నెల్లూరు ఒంటరి చుక్కలా ఉండేదని క్లౌ పనిచేసిన మిషన్‌ను లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అనేవారు. ఇప్పుడు మేముండే టెక్సస్ ముద్దుపేరూ అదే. పిల్లలు దీనికి పడీపడీ నవ్వారు.)

అన్నం ఒక చేత్తో, బాప్తిస్మం ఇంకో చేత్తో ఇచ్చి బేరం చేయలేదన్నమాట అంది మా అమ్మాయి. ఇప్పుడు ఆ పాయింటు పట్టుకునే నన్ను కూర్చోబెట్టింది. ఊరినుంచి ఎవరు ఫోన్ చేసినా "అమ్మాయి ఇంకా బాప్తిస్మం తీసుకోలేదా?" అని టెన్త్ రిజల్టు అడిగినట్టు అడుగుతారు. తనకు అనిపించినప్పుడే తీసుకుంటానంటుంది, ఎవరి మొహం చూసో కాదట. మేమిద్దరం సరే అన్నాం.

మా అమ్మే ఒప్పుకోవడం లేదు. "క్లౌ దొరే ఆగమన్నాడు కదా అమ్మమ్మా" అని మనవరాలు అంటే ఒక్క క్షణం తడుముకుంది. "ఆగమన్నాడు తల్లీ, కాదన్నానా? గుండ్లకమ్మలోనే ఇప్పించాలని నా ఆశ. డిసెంబరుకైతే టిక్కెట్లు ఇప్పుడే చూడమను మీ నాన్నని, తరవాత రేట్లు పెరిగిపోతాయి."