అబాకస్, క్రేయాన్లు, మా ఇంటి గోడలు

పాపని అబాకస్‌లో, అంటే పూసల చట్రంతో లెక్కలు నేర్పే క్లాసులో చేర్చగానే అపార్ట్‌మెంట్‌లో అందరూ "ఇక బ్రెయిన్ షార్ప్ అయిపోతుంది, అన్ని సబ్జెక్టులూ వచ్చేస్తాయి" అన్నారు. అంత సీన్ లేదండీ. వడోదరలో బడి పిల్లలతో మూడేళ్లు చేసిన పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. అబాకస్ నేర్చుకున్నవాళ్లకి లెక్కలు మెరుగయ్యాయి గానీ, మొత్తంగా తెలివితేటలు పెరిగినట్టు కనిపించలేదట.

నాకు లెక్కలు చాలు. చట్రంలో ఒక్కో కమ్మీకి పైపూస విలువ ఐదు, కింద నాలుగు పూసలు ఒక్కోటి ఒకటి. అలా జరిపి జరిపి ఇప్పుడు చట్రం లేకుండానే గాల్లో వేళ్లు ఆడిస్తూ 7కి 8 కలిపేస్తోంది, ఎలాగే అంటే "పక్క కమ్మీలో పది వేసి ఇక్కడ రెండు తీసేశానమ్మా" అంటుంది. నాకు ఎక్కాలు బట్టీ కొట్టించారు తప్ప ఇలా కంటికి కనబడేలా ఎవరూ చెప్పలేదు.

నాలుగేళ్ల మా బాబుది డ్రాయింగ్ పిచ్చి. వాడి మనుషులకి తలలోంచే కాళ్లు వస్తాయి, పొట్ట ఉండదు. ఆ వయసులో చాలామంది అలాగే గీస్తారు, దిద్దకండి. క్రేయాన్ పట్టుకోవడం వల్ల వేళ్లకి పట్టు వస్తుంది, అదే రేపు పెన్సిల్‌కి పనికొస్తుంది. కానీ ఒక క్లాసులో టీచరే బొమ్మ గీసిచ్చి "గీత దాటొద్దు" అంటుంటే మాన్పించేశాం. ఇంట్లో పాత క్యాలెండర్ల వెనకవైపు ఇచ్చాం, అయినా గోడలే ఇష్టం వాడికి!

అబాకస్ పోటీలకి మాత్రం పంపడం లేదు. ఫీజు సంగతి అటుంచి, స్టాప్‌వాచ్ చూస్తేనే పాపకి టెన్షన్‌తో కడుపునొప్పి వస్తోంది.