నా గడ్డం ఎటు మొలుస్తుందో మామయ్య అడిగాడు

గడ్డం గీసుకున్న ప్రతిసారీ నా మెడ భగ్గుమనేది. గంట తిరక్కుండా ఎర్రటి పొక్కులు లేచేవి, కొన్ని చీము పట్టేవి. ఐదు బ్లేడ్ల రేజరూ, ఖరీదైన నురగ డబ్బా వాడినా తగ్గలేదు. చివరికి చర్మవైద్యురాలు చూసి, "అలర్జీ కాదండీ, వెంట్రుక తిరిగి మీ చర్మంలోకే గుచ్చుకుంటోంది" అన్నారు. వరస బ్లేడ్లలో ముందుది వెంట్రుకను పైకి లాగితే వెనకది కోస్తుంది. తెగిన కొస చర్మం లోపలికి జారి, మళ్ళీ మొలిచేటప్పుడు పక్కనుంచి పొడుస్తుంది.

సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. డెబ్బై దాటిన మా మామయ్య కిటికీ ఊచకు అద్దం తగిలించి, స్టీలు గిన్నెలో వేణ్ణీళ్ళతో కూర్చున్నాడు. చేతిలో ఒకే బ్లేడు పట్టే ఇనుప రేజరు. 1904లో కింగ్ క్యాంప్ జిలెట్ అమెరికాలో పేటెంటు పొందిన తీరుదే, పల్చటి బ్లేడు మార్చుకునే రకం. నా మెడ చూసి, "ముందు నీ గడ్డం ఎటు మొలుస్తుందో తెలుసా అల్లుడూ?" అని అడిగాడు.

తెలియదు. రెండు రోజులు గీయకుండా ఉంచి వేలితో తడిమి చూశాను. బుగ్గల మీద పైనుంచి కిందికే. గొంతు ఎడమవైపు మాత్రం చెవి దిక్కుగా అడ్డంగా ఉంది. కుడివైపు కంఠం పక్కన చిన్న సుడి. ఇన్నేళ్ళూ ఇవేవీ చూసుకోకుండా, అంతటా కింద నుంచి పైకి గీస్తూ వచ్చాను!

ఇప్పుడు స్నానం అయ్యాకే గీసుకుంటాను, అప్పటికి వెంట్రుక మెత్తబడి ఉంటుంది. తడి బ్రష్షును సబ్బు మీద అర నిమిషం తిప్పి, చుక్క చుక్క నీళ్ళు కలుపుతూ ముఖం మీదే నురగ చేస్తాను. మొదట పెద్ద బుడగలు వస్తాయి. అవి పోయి మీగడలా చిక్కబడి మెరిసేదాకా ఆగాలి, ఇక్కడ తొందరపడితే మెడ మంట తప్పదు. మామయ్యలా ఒకే బ్లేడు రేజరును చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పెట్టి, వెంట్రుక మొలిచే దిక్కుకే, దాని బరువుతోనే జారనిస్తాను. చెయ్యి నొక్కకూడదు. నాలుగైదు సార్లకు బ్లేడు మారుస్తాను, ఖర్చు కొద్ది రూపాయలే.

చివర్లో చన్నీళ్ళు, తడిపిన పటిక ముక్క. పటిక చురుక్కుమన్న చోటల్లా ఆ రోజు నేను ఎక్కువ నొక్కానని అర్థం. నాకు అంతకంటే మంచి గురువు లేదు.

నాలుగు నెలలైంది. మెడ మీద మచ్చలు మాసిపోతున్నాయి. కుడివైపు సుడి దగ్గర మాత్రం ఇంకా ఒకటో రెండో పొక్కులు వస్తాయి. అక్కడ వెంట్రుక కాస్త గరుకుగా మిగిలినా సరే, రెండోసారి బ్లేడు పెట్టను.