పన్నెండు నుంచి నాలుగు

రాత్రి పదకొండున్నరకి భుజం మీద చెయ్యి పడేది. "లే తమ్ముడూ, మిడిల్ వాచ్." లైటు వేసేవారు కాదు, ఎర్ర టార్చి ఒక్కటే. పక్క బంకువాడి నిద్ర చెడకూడదు, నా కళ్ళు చీకటికి అలవాటు పడాలి. టీ తాగి, పన్నెండుకి పది నిమిషాల ముందే ఓడ పైకెళ్ళి లుకౌట్‌లో, అంటే చుట్టూ సముద్రాన్ని కనిపెట్టే చోట, నిలబడాలి. నాలుగు దాకా చూడటమే పని.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. చిలికాలో ట్రైనింగ్ అయ్యి, నేవీలో పదిహేనేళ్ళు చేశాను. చివరి నాలుగేళ్ళూ ఓడ ఎక్కువగా చెన్నైలో ఉండేది. రాయపురంలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయాం. మొన్న మా మేనల్లుడు అగ్నివీర్‌గా సెలెక్టయ్యి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఓడలో వారానికి సెలవెన్ని రోజులు?" అన్నాడు. వాడికి ఫోన్లో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

సముద్రంలో ఉన్నప్పుడు ఆదివారం, సోమవారం అని తేడా తెలియదురా. రోజుని నాలుగేసి గంటల వాచ్‌లుగా, అంటే కాపలా వంతులుగా, కోస్తారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు మాత్రం రెండేసి గంటల చొప్పున రెండు ముక్కలు, వాటిని డాగ్ వాచ్‌లంటారు. అలా మొత్తం ఏడు. మూడు జట్లు వంతులేసుకుంటే ఒకే జట్టుకి రోజూ ఒకే వేళ రాదు. ఒక రాత్రి పన్నెండు నుంచి నాలుగు, మరుసటి రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు, ఆ తర్వాత తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది. నడిరాత్రి కష్టం అందరికీ సమానంగా పడుతుంది. కానీ ఒంటికి ఒక వేళ అంటూ కుదరదు. ఇంటికొచ్చిన మొదటి రెండు రాత్రులూ నేను పన్నెండింటికి లేచి మంచం మీద కూర్చునేవాణ్ణి. మా ఆవిడ "ఏమండీ, ఇది ఇల్లు, పడుకోండి" అనేది.

వాచ్ దిగితే పని అయిపోయినట్టు కాదు. తుప్పు గీకాలి, రంగు వెయ్యాలి, గ్రీజు పెట్టాలి. మధ్యలో ఎప్పుడైనా మైకులో "ఫైర్, ఫైర్, ఫైర్" అని వినిపిస్తుంది. డ్రిల్లేనని తెలిసినా పరిగెత్తాల్సిందే. మా గాలీలో, అంటే ఓడ వంటగదిలో, వంట చేసే భీమవరం కుర్రాడు చేతిలో గరిటె పడేసి, స్టవ్ ఆపి, ముఖానికి మాస్కూ వీపుకి సిలిండరూ తగిలించుకుని హోస్ పట్టుకునేవాడు. సముద్రంలో ఫైరింజన్ రాదు కదా. వంటవాడైనా, రేడియో ఆపరేటరైనా ఫైర్ పార్టీయే. ఉక్కు గోడకి ఇటు మంటుంటే అటువైపు గదిలో రంగు కాలడం మొదలవుతుంది. అందుకే నాలుగు పక్కలా, పైనా, కిందా గోడలు తడుపుతూనే ఉండాలి. పోసిన నీళ్ళు మళ్ళీ తోడకపోతే ఆ బరువుకి ఓడే ఒరుగుతుంది. 2024 జూలైలో ముంబయి డాక్‌యార్డులో మరమ్మతులో ఉన్న ఐఎన్‌ఎస్ బ్రహ్మపుత్రలో మంటలు లేచి, మరునాటికి ఓడ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఒక నావికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఫోటో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

మనిషి నీళ్ళలో పడినప్పటి డ్రిల్లు ఇంకొకటి. నిజం మనిషికి బదులు బొమ్మని పడేస్తారు, దాని పేరు ఆస్కార్. చూసినవాడు కేకేసి, నీళ్ళలో తేలే రింగు, లైఫ్‌బాయ్, విసిరి, చెయ్యి చాపి ఆ బొమ్మనే చూపిస్తూ నిలబడాలి. కన్ను తిప్పకూడదు. అలల మధ్య తల ఒక్కసారి తప్పిపోతే మళ్ళీ దొరకదు. పడినవాడు ప్రొపెల్లర్ కిందికి పోకుండా ఓడని ముందు అతను పడిన వైపుకే తిప్పుతారు, అప్పుడు వెనక భాగం అతనికి దూరంగా జరుగుతుంది. వేటకెళ్ళి తిరిగిరాని మా ఊరివాళ్ళు ఆ నిమిషంలో గుర్తొచ్చేవారు నాకు.

ఒక సెలవు రోజు మా అబ్బాయిని చెన్నై హైకోర్టు గోడ దగ్గర ఎమ్డెన్ దాడికి గుర్తుగా పెట్టిన ఫలకం చూడటానికి తీసుకెళ్ళాను. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక చీకట్లో ఇక్కడిదాకా వచ్చి, హార్బర్ పక్కనున్న చమురు ట్యాంకుల్ని పేల్చింది. "ఎవరూ చూడలేదా నాన్నా?" అని అడిగాడు. వాడడిగింది నా ఉద్యోగం గురించేనని నాకనిపించింది.

కానీ ఈ తీరంలో లుకౌట్‌ని భయపెట్టేది శత్రువు ఓడ కాదు, చిన్న పడవ. ఫైబర్ పడవ రాడార్‌కి సరిగా ఆనదు, కొన్నిటికి దీపమే ఉండదు. ఆదివారాలు కాసిమేడు చేపల రేవుకి వెళ్ళి చేపలు కొనేవాళ్ళం. అక్కడ నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ కానాగంతలు అమ్మేది. నా మాట విని "ఏ ఊరు బాబూ మీది?" అని పలకరించింది. నేవీ అని చెప్పాను. కాసేపు చేప కోయడం ఆపి, "రాత్రిపూట పెద్ద ఓడొస్తే మా ఆయన టార్చి ఊపుతాడు. మీకు కనిపిస్తుందా అది?" అంది.

"కనిపిస్తుందమ్మా" అన్నాను. మా అయ్యకి టార్చి కూడా ఉండేది కాదు. అగ్గిపుల్ల గీసి గుడ్డముక్క వెలిగించేవాడు.

ఆ వారమే ఎన్నూరు దాటాక, రాత్రి రెండున్నరప్పుడు, ఎడమ పక్క నీళ్ళ మీద చుక్కంత వెలుగు ఊగింది. "రెడ్ టూ జీరో, చిన్న లైటు, దగ్గర్లోనే" అని ఓడ నడిపే బ్రిడ్జికి చెప్పాను. రెడ్ టూ జీరో అంటే ముందు నుంచి ఎడమకి ఇరవై డిగ్రీలు. ఓడ కుడికి తిరిగింది. బైనాక్యులర్‌లో ఇద్దరు మనుషులు, వల, మధ్యలో ఒక కేను. పక్కనుంచి దాటిపోయేదాకా చూశాను. తర్వాత వాళ్ళు టార్చి ఆర్పేశారు.