కిలో ఎంత అని అడిగే ముందు: పాత బండి, బోరు సామాను గుజిరీకి వేసేవాళ్లకు

పాత ఇనుము కొనే గుజిరీ అంగడి ముందు సామాను దించీ దించకముందే "ఇనుము కిలో ఎంత?" అని అడగడం మనవాళ్లకు అలవాటు. నిజానికి ఆ ధరలో పెద్ద తేడా ఉండదు. పాత ఇనుము చివరికి కరిగేది ఫర్నేసులోనే. అక్కడ కొనే ధరను బట్టి కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా అంగళ్లవాళ్లు ఒకరికొకరు కొద్ది తేడాలోనే పలుకుతారు. మన దుడ్లు పోయే చోట్లు వేరే ఉన్నాయి. రాగి, ఇత్తడి, అల్యూమినియం అన్నీ ఇనుములో కలిపి తూయించడం ఒకటి. కాగితాలు ఇంకా మన పేరు మీదే ఉండగా బండిని ముక్కలు చేయించడం ఇంకోటి. మొదటిదానితో పోయేది కొన్ని వేలు. రెండోదానితో ఎప్పుడో ఏదో స్టేషన్ నుంచి ఫోన్ రావచ్చు.

అందుకే బండి సంగతి ముందు.

పదిహేనేళ్లు నిండిన బండిని తుక్కుకు వేయాల్సిందే అనే మాట ఊళ్లలో బాగా తిరుగుతోంది. అది ఢిల్లీ చుట్టుపక్కల పెట్టిన నిబంధన నుంచి పుట్టిన మాట, మనకు వర్తించదు. ఇక్కడ సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి దీని రుసుము మోటార్ సైకిల్‌కు 1,000 రూపాయలు, కారుకు 5,000. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో దాన్ని 2,000, 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, టైర్లు, మరమ్మతు కూడా లెక్కేసుకుని, అంత ఖర్చుకు బండి తగదనిపిస్తేనే తుక్కు మాట ఎత్తాలి. వయసు నిండిందని తప్పనిసరిగా పక్కన పెట్టాల్సింది ప్రభుత్వ బండ్లనే. పదిహేనేళ్లు దాటిన వాటికి 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేదు.

తుక్కుకే వేయాలనుకుంటే దారులు రెండు. ఒకటి, 2021 కేంద్ర నిబంధనల కింద నమోదైన స్క్రాపింగ్ కేంద్రం. ఎక్కడెక్కడ ఉన్నాయో కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో కనిపిస్తుంది. బండి ఏ జిల్లాదైనా, ఏ రాష్ట్రంలోని కేంద్రంలోనైనా ఇవ్వవచ్చు. ఆర్సీ, గుర్తింపు కార్డు, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు పెట్టుకోవాలి. బండి దొంగ సొత్తు కాదని వాళ్లు రికార్డుల్లో చూసుకుని, బండిని తుక్కుకు అప్పగించినట్టు మీకు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూపిస్తే కొత్త బండికి రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు. వాహన పన్నులో రాయితీకి కేంద్రం పెట్టిన గరిష్ఠ హద్దు సొంత బండ్లకు 25 శాతం, రవాణా బండ్లకు 15 శాతం. ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రం ఇష్టం కాబట్టి, సర్టిఫికెట్ తీసుకోకముందే షోరూంలో లెక్క రాయించుకోండి. కొత్త బండి కొనే ఉద్దేశం లేకపోతే ఆ సర్టిఫికెట్‌ను ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా.

పాత బండికి కొత్త బండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం వస్తుందని 2021లో విధానం ప్రకటించినప్పుడు చెప్పారు. కారుకైతే ఈ దారి లాభమే. కానీ పాత స్ప్లెండర్ ఒక్కదాన్ని దూరాన ఉన్న కేంద్రానికి ఆటో మాట్లాడుకుని పంపితే కిరాయికే సరిపోతుంది. నలుగురైదుగురు కలిసి ఒక టాటా ఏస్‌లో వేసి పంపడం మేలు.

రెండో దారి మన ఊరి గుజిరీ. ఇక్కడ డిపాజిట్ సర్టిఫికెట్ రాదు. కాబట్టి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకునే పని పూర్తిగా మీదే. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి ఇక పనికిరాదని తేలిన 14 రోజుల్లో ఆర్సీతో సహా ఆర్టీవో ఆఫీసుకు రాసివ్వాలి. ఏ ఆఫీసు అంటే, మీరు ఇప్పుడు ఉంటున్న చోటిది. నంబరు ఏపీ 21 కదా అని నంద్యాలవాళ్లు కర్నూలుకు, ఏపీ 02 కదా అని హిందూపురంవాళ్లు అనంతపురానికి పరుగెత్తాల్సిన పనిలేదు. చాసిస్ నంబరు ఉన్న ముక్కను కోయించి తెమ్మని అడగడం మామూలే. స్ప్లెండర్‌లాంటి బండికి అది హ్యాండిల్ కింద గొట్టం మీద ఉంటుంది. నంబరు ప్లేట్లు, ఆ ముక్క, ఆర్సీ, ఈ మూడింటినీ గుజిరీ అంగట్లో వదలొద్దు. దొంగబండికి కొత్త పుట్టుక ఇవ్వడానికి కావాల్సింది సరిగ్గా ఈ మూడే. ఆర్సీ ఇస్తే ఇంకో రెండువేలు ఎక్కువ ఇస్తామని ఎవరైనా అన్నారంటే, వాళ్లు ఇనుము కొనడానికి రాలేదని అర్థం.

పని ఎక్కువగా ఆగేది ఫైనాన్స్ దగ్గర. అప్పు ఎప్పుడో తీరినా ఆర్సీలో కంపెనీ పేరు అలాగే ఉంటుంది. దాన్ని తీయించాలంటే ఫారం 35, అప్పు తీరిందని ఆ కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ కావాలి. ఆ కంపెనీ మూతపడితేనో, ఇంకోదాంట్లో కలిసిపోతేనో ఎన్‌వోసీ ఎవరిస్తారో వెతుక్కోవడానికే నెలలు పడుతుంది. కాబట్టి బండిని అమ్మాలనుకున్న రోజే ఆర్సీలో ఆ వరస చూసుకోండి. యజమాని చనిపోయి ఉంటే వారసుల కాగితాలు, బండిని వాళ్ల పేరుకు మార్చే ఫారం 31 పని ముందు. ఈ-చలాన్లు కూడా కట్టేసుకోవాలి. కారుకు బీమా నడుస్తుంటే నో క్లెయిమ్ బోనస్ లేఖ తీసుకోండి, కొత్త కారుకు మూడేళ్ల లోపు వాడుకోవచ్చు. ఫాస్టాగ్ మూసేయించండి.

ఇక విప్పడం. ఇంటి ముందే గ్యాస్ కటింగ్ పెట్టించేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి: నిండు పెట్రోల్ ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదం. లోపల ఆవిరి, గాలి కలిసి ఉంటాయి, నిప్పురవ్వ చాలు. ట్యాంకును ముందే విప్పి దూరంగా పెట్టాలి. దాన్ని కోయాల్సి వస్తే నిండా నీళ్లు పోసి కోయాలి. ఎల్పీజీ, సీఎన్జీ సిలిండరును గుజిరీలో సుత్తితో కొట్టనివ్వకూడదు. కిట్టు బిగించే ఏజెన్సీవాళ్లతోనే తీయించి ఖాళీ చేయించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు బ్యాటరీ తీగలు ఊడదీసి, కాసేపు ఆగాకే స్టీరింగ్ జోలికి వెళ్లాలి. ఇంజిన్ ఆయిలును డబ్బాలోకి దించండి, కాలువలోకి కాదు.

బ్యాటరీని ఇనుముతో తూయించడం అన్నిటికంటే పెద్ద నష్టం. దాని బరువులో సగానికి మించి సీసమే. బ్యాటరీ అంగట్లో ఎక్స్చేంజి ధర, గుజిరీలో కిలో ధర రెండూ అడిగి ఎక్కువ వచ్చేచోట ఇవ్వండి. యాసిడ్ మీరు పారబోయొద్దు. రేడియేటర్ పాత బండ్లలో రాగి, ఇత్తడి. కొత్తవాటిలో అల్యూమినియం, పక్కన ప్లాస్టిక్ తొట్లు. గోటితో కాదు, ఆకురాయితో ఒక మూల గీకితే రంగు తేలిపోతుంది. సెల్ఫ్ మోటారు, డైనమోలో రాగి ఉంటుంది. అవి పనిచేసేవైతే మెకానిక్ ఇచ్చే ధర గుజిరీ ధరకు ఎన్నో రెట్లు. పెట్రోల్ కారు సైలెన్సర్ వరసలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. లోపల తేనెపట్టులా కనిపించే పింగాణీ మీద ప్లాటినం, పలాడియం, రోడియం పూత. అంగడివాడు దాన్ని విడిగా పక్కకు పెడుతున్నాడంటే దాని విలువ అతనికి తెలుసు. బేరంలో మీరూ దాన్ని విడిగానే పెట్టండి. లారీ, ట్రాలీ కమాన్ పట్టీలు మంచి స్ప్రింగు ఉక్కు. కొడవళ్లు, గొడ్డళ్లు చేసే కొలిమి దగ్గర అడిగాకే కాటా ఎక్కించండి.

మన పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో బండ్లకన్నా ఎక్కువగా గుజిరీకి చేరేది ఎండిపోయిన బోర్ల సామాను. ఇక్కడే లెక్క తప్పేది ఎక్కువ. రెండంగుళాల మీడియం జీఐ పైపు మీటరుకు సుమారు 5 కిలోలు, అంటే ఇరవై అడుగుల పైపు 30 కిలోల పైమాట. 300 అడుగుల బోరుకు 15 పైపులు, సుమారు 450 కిలోలు. తుప్పు తిన్న పైపులు ఇంకొంచెం తక్కువ తూగుతాయి. కానీ మరలు బాగున్న పైపును కిలోల్లో అమ్మడమే తప్పు. షెడ్డుకో, కంచెకో, పందిరికో కావాలనేవాళ్లు పైపు లెక్కన కొంటారు. మరలు అరిగినవి, చిల్లులు పడినవి మాత్రమే కాటాకు వేయండి.

సబ్‌మెర్సిబుల్ మోటారును గుండుగుత్తగా ఇవ్వొద్దు. పై గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలు, లోపల రేకుల కోరు ఇనుము, వైండింగ్ రాగి. పంపు పాతదైతే నీళ్లు నెట్టే చక్రాలు (ఇంపెల్లర్లు) రాగి కలిసిన గన్‌మెటల్, కొత్తదైతే ప్లాస్టిక్. నీళ్లు నింపే రకం మోటారు వైండింగ్ తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అందుకే అంగడివాళ్లు తరుగు తీస్తారు. తీయడం న్యాయమే, ఎంత అన్నదే బేరం. ఒక మూర తీగను తూయండి, తొడుగు ఒలిచి మళ్లీ తూయండి, తరుగు ఎంతో అక్కడే తేలుతుంది. తొడుగు పోతుందని తగలబెట్టడం మాత్రం వద్దు. ఆ పొగ విషం, పైగా నల్లబడి పెళుసెక్కిన రాగికి ధర తగ్గిస్తారు. తీగ కొసను కోసి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. బోరు కేబుళ్లలోనూ అల్యూమినియంవి ఉన్నాయి. మోటారు మళ్లీ చుట్టించేవాళ్లు, తీసేసిన పాత రాగిని తూచి కూలిలో తగ్గించమని ముందే మాట్లాడుకోవాలి. పని అయ్యాక అడిగితే అది చెత్తబుట్టలోకి పోయిందంటారు.

వేరుచేయడానికి జేబులో అయస్కాంతం చాలు. ఇనుముకు అంటుతుంది, రాగి, ఇత్తడి, అల్యూమినియంకు అంటదు. స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. నికెల్ తక్కువుండే 200 సిరీస్ రకానికీ, ఎక్కువుండే 304 రకానికీ రెండింటికీ అంటదు, ధరలో తేడా మాత్రం చాలా ఉంది.

తూకం. రెండు మూడు వందల కిలోల సామానును లారీ వేబ్రిడ్జి ఎక్కించొద్దు. అది 5, 10 కిలోల మెట్లలో చూపిస్తుంది. అంగట్లోని కాటాను పరీక్షించాలంటే తెరవని సిమెంటు బస్తా ఎక్కించండి, 50 కిలోలు. యూరియా బస్తా అయితే 45. ముందు ఖాళీ కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడండి, తూనికలు కొలతల శాఖ ఏటా వేసే ముద్ర ఉందో లేదో అడగండి. ట్రాక్టరు లోడు వేబ్రిడ్జికి వేస్తే నిండు బరువు, ఖాళీ బరువు రెండు చీటీలూ తీసుకోవాలి. రెండుసార్లూ డ్రైవరు లోపలే ఉండాలి, లేదా రెండుసార్లూ దిగాలి. స్టెప్నీ, జాకీ ఒక తూకానికి ఉండి రెండో తూకానికి లేకపోతే నష్టం మీకో, కొనేవాడికో తప్పదు.

బేతంచెర్ల, తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలవాళ్లు పాత యంత్రాలు అమ్మేటప్పుడు తుక్కుపై జీఎస్టీ 18 శాతమని గుర్తుంచుకోవాలి. ఇద్దరూ రిజిస్టర్డ్ అయితే, రెండున్నర లక్షలు దాటిన ఒప్పందంపై 2024 అక్టోబరు 10 నుంచి కొనేవాళ్లు మీకిచ్చే సొమ్ములోంచి 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకుంటారు.

పొలంలో తెగిపడిన కరెంటు లైను తీగ, ట్రాన్స్‌ఫార్మర్ రాగి ఎంత పాతదైనా గుజిరీకి తేవొద్దు. అది విద్యుత్ సంస్థ సొత్తు, విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద దొంగతనమే. మీ బోరు మోటారు రాగే అయినా కొన్న బిల్లో, వైండింగ్ చీటీయో వెంట ఉంచుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దొంగతనాలు జరిగినప్పుడల్లా పోలీసులు ముందు వచ్చేది ఈ అంగళ్లకే.

ట్రాక్టరుతో పాటు ట్రాలీ అమ్మేవాళ్లకు ఒక మాట. రెండింటికీ వేర్వేరు ఆర్సీలు, కాబట్టి రద్దు కూడా వేర్వేరుగా చేయించాలి. మూడు నెలలకోసారి పన్ను కట్టే లారీలాంటి బండ్లయితే, తిప్పడం లేదని ముందే రాసివ్వకపోతే బండి కరిగిపోయినా పన్ను పేరుకుపోతూనే ఉంటుంది. ఆ బకాయి తీరేదాకా రద్దు దరఖాస్తు ముందుకు కదలదు.